‘లేటు’ అనే మాట: మందగతి నుండి అపరాధానికి

పరభాషాపదాలు మన భాషలోకి రెండు విధాలుగా వస్తుంటాయి. కొన్ని అతిథులవలె వచ్చి, కొంతకాలం ఉండి, వచ్చిన పని తీరగానే వెళ్లిపోతాయి. మరికొన్ని ఇల్లరికపుటల్లుళ్ల వలె వచ్చి ఇంటిపేరు మార్చుకొని ఇక్కడనే స్థిరపడతాయి. ఇంగ్లీషులోని ‘లేట్’ అనే పదం రెండవ తెగకు చెందినది. తెలుగులో అది ‘లేటు’ అయినది. ‘రైలు లేటు’, ‘లేటయింది’, ‘లేటుగా వచ్చాడు’ అనేటప్పుడు మనం ఇంగ్లీషు మాట్లాడుతున్నామన్న భావం ఎవరికీ కలుగదు. అక్షరజ్ఞానం లేని వృద్ధురాలు కూడ ఈ మాటను సంకోచం లేకుండ వాడుతుంది. ఆలస్యం, జాప్యం, జాగు, తడవు మొదలైన మాటలు ఇన్ని ఉండగా ఈ కొత్త మాట తెలుగునకు ఎందుకు కావలసివచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే ముందుగా ఆ మాట పుట్టిన చోటికి వెళ్లి, దాని పూర్వచరిత్రను విచారించవలసి ఉంటుంది.

ఈనాడు ‘లేటు’ అనగానే మనసులో మెదిలేది గడియారం. పది గంటలకు రావలసినవాడు పదిం బావుకు వస్తే లేటు. కాని ఈ పదం పుట్టిననాడు గడియారమూ లేదు, నిమిషాల లెక్కా లేదు. ప్రాచీనాంగ్లంలో దీని రూపం ‘ల్యాట్’. దాని ముఖ్యార్థం మందగమనం కలవాడు, చురుకు లేనివాడు అని. నడకలో జడత్వమే తప్ప, నియమిత కాలాన్ని అతిక్రమించడమన్న భావం మొదట అందులో ప్రధానం కాదు. మెల్లగా నడిచేవాడు గమ్యాన్ని తరువాత చేరుకుంటాడు కనుక, కారణాన్ని తెలిపే మాట కార్యాన్ని కూడ తెలపసాగినది. క్రమంగా కార్యార్థమే నిలిచి, కారణార్థం మరుగున పడినది. మన ఆలంకారికులు లక్షణ అని చెప్పే వృత్తికి ఇది చక్కని ఉదాహరణం.

జర్మానిక్ శాఖలోని సోదరభాషలను చూస్తే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. నాలుగవ శతాబ్దిలో ఉల్ఫిలా గోతిక్ భాషలోకి చేసిన బైబిలు అనువాదంలో ‘లట్స్’ అనే మాట ఉన్నది. దాని అర్థం సోమరి. జర్మన్ భాషలో ‘లాస్’ అంటే నీరసించినవాడు. నేటి డచ్చి భాషలో ‘లాట్’ అంటే ఆలస్యమైనది; అదే ధ్వనితో స్వీడిష్ భాషలో వినిపించే ‘లాట్’ అంటే సోమరి. ఒకే తల్లి బిడ్డలలో ఒకరు కాలాన్ని తెలిపే మాటగా, మరొకరు శీలాన్ని నిందించే మాటగా పెరిగినారు. లాటిన్‌లో అలసినవాడు అనే అర్థం గల ‘లస్సుస్’ను కూడ భాషాశాస్త్రజ్ఞులు ఈ కుటుంబంలోనే చేర్చినారు. విడిచిపెట్టడం, పట్టు సడలడం అనే భావం ఈ కుటుంబానికంతటికీ మూలమని వారి అభిప్రాయం. అంటే ‘లేటు’ అనే మాట వెనుక మొట్టమొదట కనబడేది నేరస్థుడు కాదు. పట్టు సడలిన శరీరం, అలసిన మనిషి.

ఈ కుటుంబంలోనిదే ‘లెట్’ అనే క్రియ. ప్రాచీనాంగ్లంలో రెండు క్రియలు ఉండేవి. ఒకటి ‘ల్యాటన్’: విడిచిపెట్టు, అనుమతించు. రెండవది ‘లెట్టన్’: ఆలస్యం చేయు, అడ్డగించు. కాలక్రమాన రెండింటికీ ఒకే రూపం ఏర్పడినది. పరస్పర విరుద్ధమైన రెండు అర్థాలు ఒకే మాటలో కాపురం చేయడం వ్యవహారానికి ఇబ్బంది కదా! అందువలన అడ్డగించుట అనే అర్థం మెల్లగా వెనుకకు తగ్గినది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులోను, షేక్స్పియరు ‘హామ్లెట్’లోను ఆ అర్థం సజీవంగా ఉన్నది, ఆ సంగతి తెలియని నేటి పాఠకుడు ఆయా సందర్భాలను సరిగా తలక్రిందులుగా అర్థం చేసుకునే ప్రమాదమున్నది. మన దేశపు పాస్‌పోర్టులో, దానిని ధరించినవారిని ఆటంకం లేకుండ పోనివ్వవలసినదిగా కోరే ఇంగ్లీషు వాక్యంలో ఆ పాత ‘లెట్’ ఇంకా ఉన్నది. టెన్నిసు ఆటలో వలకు తగిలి అవతల పడిన సర్వీసును ‘లెట్’ అనడంలోనూ ఈ అడ్డంకి అర్థాన్నే చూడవచ్చును.

ఇక ఈ విశేషణపు తరతమరూపాలు పరిశీలిస్తే మరొక వింత కనిపిస్తుంది. ‘ల్యాట్’కు తర రూపం నుండి ‘లాటర్’ అనే మాట వచ్చినది. రెండింటిలో తరువాతిది అని దాని నేటి అర్థం. తమ రూపమైన ‘లటోస్ట్’ కుంచించుకొని ‘లాస్ట్’ అయినది. అన్నిటికంటె చివరిది అని అర్థం. ఈ రెండూ మూలానికి దూరమైపోగా ‘లేటర్’, ‘లేటెస్ట్’ అనే రూపాలు మళ్లీ కొత్తగా ఏర్పడినవి. ‘లాస్ట్’ అంటే ముగిసిపోయినది. ‘లేటెస్ట్’ అంటే ఇప్పుడే పుట్టినది! రెండింటికీ మూలార్థం మాత్రం ‘అందరికంటె నెమ్మదిగా నడిచేది’. లేటెస్టు ఫేషను కోసం పరుగులెత్తేవారికి ఈ వ్యుత్పత్తి తెలిస్తే కొంత నవ్వు రాక తప్పదు.

చివర వచ్చినదే మనకు కాలంలో దగ్గరగా ఉంటుంది కనుక ‘లేట్’కు ‘ఇటీవలి’ అనే అర్థం కూడ కలిగినది. ఆ అర్థం నుండే పదిహేనవ శతాబ్ది నాటికి, మరణించినవారి పేరుకు ముందు ఈ మాటను చేర్చే ఆచారం స్థిరపడినది. ఇటీవలి వరకు ఉండినవాడు, ఇప్పుడు లేనివాడు అని భావం. మన పత్రికలలో, ఆహ్వానపత్రికలలో, దరఖాస్తులలో తండ్రి పేరుకు ముందు ‘లేట్’ అని వ్రాయడం పరిపాటి అయినది. ఆంధ్రుడు ఈ సందర్భంలో వాడుకొనే సొంత మాట ‘కీర్తిశేషులు’. కీర్తి మాత్రమే శేషించినవారు అని. ఇంగ్లీషు మాట చనిపోయినవానిని కాలంలో ఎక్కడ ఉన్నాడో చెపుతున్నది. మన మాట అతడు ఏమి మిగిల్చినాడో చెపుతున్నది. అనువాదకుడు ఇక్కడ చాలా జాగరూకుడై ఉండాలి. ఒకే ‘లేట్’ అనే విశేషణం రాజుకు చేరితే ‘కీర్తిశేషుడైన’ అనీ, సామ్రాజ్యచరిత్రకు చేరితే ‘ఉత్తరకాలపు’ అనీ, రాత్రికి చేరితే ‘ప్రొద్దుపోయిన’ అనీ, రైలుకు చేరితే ‘ఆలస్యమైన’ అనీ తెలుగు చేయవలసి ఉంటుంది.

దీని బిడ్డయే అయిన ‘బిలేటెడ్’ అనే పదానికి ఒక హృద్యమైన చరిత్ర ఉన్నది. ఈనాడు గడిచిపోయిన పుట్టినరోజుకు శుభాకాంక్షలు తెలిపేవారు దానిని వాడుకుంటున్నారు. పదిహేడవ శతాబ్దిలో దాని అర్థం వేరు. దారిలో ఉండగానే చీకటిపడి చిక్కుకొనిపోయిన బాటసారి ‘బిలేటెడ్’. 1667లో వెలువడిన ‘పేరడైజ్ లాస్ట్’ మొదటి సర్గలో మిల్టన్ ఒక పల్లెటూరి కాపును గురించి ఈ అర్థంలోనే ఆ మాటను ప్రయోగించినాడు. అక్కడ ఆలస్యమంటే తప్పు కాదు, దిక్కుతోచని స్థితి.

‘లేట్’ ఇంగ్లీషు నేలమీద పుట్టి పెరిగినది కాగా, దానికి సమానార్థకంగా లాటిన్ నుండి ఫ్రెంచి ద్వారా వచ్చిన మాట ‘టార్డీ’. లాటిన్‌లో ‘టార్డుస్’ అంటే మందమైనవాడు. అక్కడకూడ అదే కథ: మందత్వం నుండి ఆలస్యం. ఈ లాటిన్ మాట సంతానం విశాలమైనది. స్పానిష్‌లో ‘తార్దే’ అంటే ఆలస్యంగా అనీ అర్థం, మధ్యాహ్నం దాటిన వేళ అనీ అర్థం. పాశ్చాత్య సంగీతంలో లయను క్రమంగా తగ్గించవలెనని గాయకునికి చెప్పే సంకేతపదం ‘రితార్దాందో’. అమెరికా పాఠశాలలలో గంట మ్రోగిన తరువాత వచ్చిన పిల్లవాడు ‘టార్డీ’. ఇంతవరకు బాగానే ఉన్నది. కాని ఈ ధాతువు నుండే ‘రిటార్డ్’ అనే మాట పుట్టినది. ఎదుగుదల నెమ్మదిగా ఉన్న పిల్లలను సూచించడానికి వైద్యులు దానిని శాస్త్రీయపదంగా స్వీకరించినారు. వీధిలోని జనం దానిని తిట్టుగా మార్చినారు. ఆ తిట్టు ఎంత క్రూరంగా తయారైనదంటే, 2010లో అమెరికా ప్రభుత్వం ‘రోజా చట్టం’ అనే శాసనం ద్వారా తన సమాఖ్య చట్టాలనుండి ఆ మాటను తొలగించవలసివచ్చినది. మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టంలో ఈ పదమే ఉండేది. 2016 నాటి చట్టం దానిని విడిచి వేరొక పదాన్ని గ్రహించినది. తెలుగులో మనం వాడిన ‘మందబుద్ధి’, ‘బుద్ధిమాంద్యం’ అనే మాటల కథ ఇంతకంటె భిన్నం కాదు. అవయవాలలోని నెమ్మదిని తెలిపే మాట మనసుకు అంటుకొని, మనసుకు అంటుకొన్నది మనిషికే మచ్చ అయినది. పదాలు అర్థం మార్చుకోవడమంటే నిఘంటువులో జరిగే మార్పు మాత్రమే కాదు. ఆ మార్పును మోయవలసినవారు మనుషులు.

ఇప్పుడు మన ఇంటివైపు తిరుగుదాం. ‘ఆలస్యం’ సంస్కృతపదం. లసించనివాడు, అంటే చలనమూ ఉత్సాహమూ లేనివాడు, అలసుడు. అతని భావం ఆలస్యం. సంస్కృతంలో ఆ మాటకు సోమరితనమనియే ప్రసిద్ధమైన అర్థం. చిన్ననాడు అమరం వల్లించినవారికి అలసునికి పర్యాయపదాలు గుర్తుండియే ఉంటవి: మందుడు, శీతకుడు, తుందపరిమృజుడు. వేడి లేక చల్లబడినవాడు శీతకుడట. కూర్చొని పొట్ట నిమురుకొనేవాడు తుందపరిమృజుడట. అమరసింహుని కాలంలో కూడ సోమరి ఎక్కడ చేయి వేసుకొని కూర్చునేవాడో దీనిని బట్టి తెలుస్తున్నది!

ఈ మాట భారతీయ భాషలలో వ్యాపించిన తీరు పరిశీలింపదగినది. హిందీలో ‘ఆలస్య’ నేటికీ సోమరితనమే. జాగును తెలపడానికి వారు పారసీకం నుండి వచ్చిన ‘దేర్’ అనే మాటను వాడుతారు. మలయాళంలో ‘ఆలస్యం’ అంటే బడలిక. తెలుగులో మాత్రం సోమరితనమన్న అర్థం వెనుకబడి, కాలం మించిపోవడమే ప్రధానార్థమైనది. సోమరితనానికి బద్ధకమనీ, బడలికకు అలసట అనీ మనకు వేరే మాటలు ఉన్నవి. (అలసట అనే మాట ‘అలయు’ అనే దేశ్యక్రియ నుండి వచ్చినది, సంస్కృతంలోని ‘అలస’తో దానికి ధ్వనిసామ్యమే గాని చుట్టరికం లేదు.) జర్మానిక్ కుటుంబంలో ఒకే పదం డచ్చిలో ఆలస్యం, స్వీడిష్‌లో సోమరితనం, జర్మన్‌లో నీరసం అయినట్లే, ఇక్కడ ఒకే పదం తెలుగులో ఆలస్యం, హిందీలో సోమరితనం, మలయాళంలో బడలిక అయినది. ఒకరినుండి ఒకరు నేర్చుకొన్నది కాదు. వేలమైళ్ల దూరంలో, ఒకరి ఊసు ఒకరికి తెలియకుండ, రెండు భాషాసమాజాలు ఒకే త్రోవలో నడిచినవి.

‘తామసం’ అనే మాటకూడ ఇట్టిదే. తమస్సు అంటే చీకటి. తమోగుణం జడత్వానికి కారణమని శాస్త్రం. ఆ జడత్వం నుండి తెలుగులో తామసమంటే జాగు అనే అర్థం వచ్చినది. తమిళంలో నేటికీ నిత్యవ్యవహారంలో ఉన్న ‘తామదం’ ఇదే. కాని మన సంప్రదాయం నెమ్మదిని ఎప్పుడూ నిందించినదని అనుకొనరాదు. ‘విలంబం’ అనే మాటలో వ్రేలాడడమనే భావమే ఉన్నది గాని నింద లేదు. సంగీతంలో విళంబకాలం గాయకుని విద్వత్తుకు గీటురాయి. నెమ్మదిగా చరించే గ్రహం కనుక శని ‘శనైశ్చరుడు’ అయినాడు. సూర్యుని చుట్టూ తిరిగిరావడానికి ఆ గ్రహానికి సుమారు 29 సంవత్సరాలు పడుతుంది. ఇక, సంస్కృతంలో మూలకారణమనే అర్థం గల ‘నిదానం’ తెలుగులో నెమ్మదికి పేరయి, సామెతలోకి ఎక్కి, ప్రధానమనిపించుకొన్నది. ఆలస్యం అమృతాన్ని విషం చేస్తుందని హెచ్చరించిన నోటితోనే నిదానమే ప్రధానమని బోధించిన జాతి మనది. రెండూ సత్యమే. ఎక్కడ ఏది వర్తిస్తుందో తెలుసుకోవడమే వివేకం.

మరి నెమ్మది అపరాధంగా ఎప్పుడు మారినది? ఇంగ్లండులో ఈ మార్పునకు సాక్ష్యం గడియారపు ముఖంమీదనే ఉన్నది. 1656లో హైగెన్స్ లోలకపు గడియారాన్ని రూపొందించిన తరువాతనే కాలగణనం సూక్ష్మమైనది. పదిహేడవ శతాబ్ది ఉత్తరార్ధంలోనే గడియారాలకు నిమిషాల ముల్లు సామాన్యమైనది. ‘పంక్చువల్’ అనే మాటకు మొదట ఉండిన అర్థం ఒక్కొక్క చుక్కనూ, ఒక్కొక్క అంశాన్నీ వదలకుండ పట్టించుకొనేవాడు అని. అదే శతాబ్ది చివరకు దానికి వేళకు వచ్చేవాడు అనే అర్థం సంక్రమించినది. నిమిషం కంటికి కనబడిన తరువాతనే నిమిషం తప్పినవాడుకూడ కనబడినాడు.

తరువాతి శతాబ్దిలో కర్మాగారాలు వచ్చినవి. 1769లో ప్రారంభమైన ‘ఎట్రూరియా’ పింగాణీ కర్మాగారంలో జొసయా వెడ్జ్‌వుడ్ పనివారిని గంట కొట్టి పిలిపించేవాడు. వేళకు వచ్చేవారిని ప్రోత్సహించి, వేళ మించి వచ్చేవారిని గుర్తుపెట్టుకొనే ఏర్పాటు చేసినాడు. పని పూర్తి అయినదా లేదా అన్నది కాక, మనిషి ఎన్ని గంటలకు ద్వారం దాటినాడన్నది కూలికి కొలత కావడం ఇట్లు మొదలైనది. చరిత్రకారుడు ఇ. పి. టాంప్సన్ 1967లో ప్రకటించిన సుప్రసిద్ధ వ్యాసంలో ఈ పరిణామాన్ని విపులంగా చర్చించినాడు. ఆపైన రైళ్లు వచ్చినవి. అంతవరకు ఇంగ్లండులో ఏ ఊరి సూర్యుడు ఆ ఊరిదే. 1840లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే తన మార్గమంతటా లండను కాలాన్నే ప్రవేశపెట్టినది. 1880లో పార్లమెంటు గ్రీనిచ్ కాలాన్ని బ్రిటను అంతటికీ చట్టబద్ధం చేసినది.

భారతదేశానికి ‘లేట్’ అనే మాటను మోసుకువచ్చినది ముఖ్యంగా ఈ రైలే అనడం అసమంజసం కాదు. 1853లో బొంబాయి, ఠాణాల మధ్య, 1856లో మద్రాసు రాయపురం నుండి ఆర్కాటువైపు రైళ్లు నడిచినవి. 1871లో రాయచూరు వద్ద మద్రాసు, బొంబాయి మార్గాలు కలిసినవి. ఆ మార్గం కడప, గుంతకల్లుల మీదుగా తెలుగుసీమ నడుమనుండి సాగినది. రైల్వే కాలపట్టికతోపాటు కచేరీల హాజరుపట్టీ, పాఠశాలల గంట కూడ వచ్చినవి. 1906 జనవరి 1న దేశమంతటికీ ఒకే ప్రామాణిక కాలం ఏర్పడినది. గ్రీనిచ్ కంటె 5 గంటల 30 నిమిషాలు ముందున్న ఆ కాలానికి ఆధారమైన రేఖాంశం మన కాకినాడకు సమీపంగానే పోతుంది. ఆనాడు మద్రాసు కాలానికి తేడా సుమారు 9 నిమిషాలు మాత్రమే. బొంబాయికి 39 నిమిషాలు. బొంబాయి నూలుమిల్లుల కార్మికులలో ఈ మార్పును ప్రతిఘటించినవారు ఉండినారు. కలకత్తా తన సొంత కాలాన్ని 1948 వరకు, బొంబాయి 1955 వరకు వదులుకోలేదు. నిన్న వేళకు వచ్చినవాడు నేడు అదే సూర్యుని క్రింద, అదే నడకతో వచ్చి, 39 నిమిషాలు ‘లేటు’ కావడం సాధ్యమే అని దీనివలన తేలుతున్నది.

కాలం విలువ మనవారికి తెలియదని, పాశ్చాత్యులు వచ్చి నేర్పినారని ఒక అపవాదు ఉన్నది. ఇది నిలువదు. రోజుకు అరవై గడియలు, గడియకు 24 నిమిషాలు. అడుగున రంధ్రం గల గిన్నె నీటిలో మునిగే కాలాన్ని బట్టి గడియను కొలిచినవారు మనవారు. గడియారం అనే మాటలోనే ఆ గడియ ఉన్నది. లగ్నం మించిపోతుందన్న తొందర పెండ్లిపందిట్లో ఎంతటివానినైనా పరుగెత్తిస్తుంది. ఐతే ఆ ఖచ్చితత్వం ముహూర్తానికి, పూజకు, గ్రహణానికి పరిమితమైనది. పొలానికి వెళ్లే కూలివాని నడకను గడియతో కొలిచి అందుకు జరిమానా వేయడం వేరు. అది కొత్తగా వచ్చినది. దానికి కొత్త మాట కావలసివచ్చినది. ‘ఆలస్యం’ కొలతకు అందని మాట. ‘లేటు’ నిమిషాలతో లెక్కపెట్టే మాట. రైలు రెండు గంటలు లేటు అన్నప్పుడు ఆ మాటలో సోమరితనపు ఛాయ లేదు, అచ్చువేసిన పట్టికకూ జరిగినదానికీ మధ్యగల దూరం మాత్రమే ఉన్నది. తెలుగువాడు దానిని స్వీకరించడంలో ఔచిత్యం లేకపోలేదు.

కాని పరిశీలించవలసినది మరొకటి ఉన్నది. గుమాస్తా పది నిమిషాలు ఆగి వస్తే ‘లేటుగా వచ్చాడు’ అంటాము. అదే కచేరీలో ఒక వితంతువు పింఛను కాగితం పది నెలలు కదలకపోతే ‘జాప్యం జరిగింది’ అంటాము. మొదటి వాక్యంలో కర్త ఉన్నాడు. అతనికి జీతంలో కోత ఉన్నది. రెండవ వాక్యంలో కర్త లేడు. జాప్యం తనంతట తానే వాన కురిసినట్లు జరిగినది. ఇంగ్లీషులోనూ ఇదే భేదం: మనిషి ‘లేట్’ అవుతాడు, ప్రభుత్వానికి ‘డిలే’ కలుగుతుంది. 1215 నాటి మాగ్నాకార్టాలో ఇంగ్లండు రాజు న్యాయాన్ని అమ్మననీ, నిరాకరించననీ మాత్రమే కాక, ఆలస్యం చేయననీ ఒప్పుకొన్నాడు. అంటే ఎనిమిది వందల ఏండ్ల క్రిందటనే ఆలస్యమనే దోషాన్ని బలవంతుని పేరున వ్రాసినవారు ఉన్నారు. తరువాత వచ్చిన గంటలూ హాజరుపట్టీలూ ఆ దోషాన్ని మెల్లగా బలహీనుని పేరుకు బదిలీ చేసినవి.

పదచరిత్ర న్యాయస్థానం కాదు; ఎవరికీ శిక్ష వేయజాలదు. వేళకు రావడం మంచిది కాదని చెప్పడం ఈ వ్యాసానికి ఉద్దేశ్యమూ కాదు; పదిమందితో కలిసి పనిచేసేవాడు పదిమంది కాలాన్నీ గౌరవించవలసినదే. కాని ఈ మాటల మూలాలలోనికి చూచినవారికి ఒక సంగతి మరుపునకు రాదు. ‘లేట్’ అన్నా, ‘టార్డీ’ అన్నా, ‘ఆలస్యం’ అన్నా, అవి మొట్టమొదట చూచినది గడియారాన్ని కాదు, మనిషి నడకను. ఆ నడక ఎందుకు నెమ్మదించినదో అడిగిన తరువాతనే అతనిని నిందించడం న్యాయం. కర్త లేని వాక్యాల చాటున దాగే జాప్యాలకు కర్త ఎవరో అడగడం అంతకంటె ముందు చేయవలసిన పని.